డల్లాస్–మాంటెరే బస్సు: సరిహద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

డల్లాస్ డౌన్‌టౌన్‌కి దక్షిణంగా ఓక్ క్లిఫ్ అనే పేట ఉంది. అక్కడి జెఫర్సన్ బులెవార్డ్ మీద మెక్సికో వెళ్ళే బస్సుల స్టాండ్లున్నాయి. డల్లాస్ శివార్లు ఫ్రిస్కోలో, ప్లేనోలో, అర్వింగ్‌లో ఏళ్ళ తరబడి ఉంటున్న మనవాళ్ళలో చాలామంది ఆ వీధి మొహం చూసి ఉండరు. మెక్సికోలో ఏదో పని పడి, విమానం టికెట్ ధర చూసి, "బస్సు లేదా?" అని వెతికినప్పుడే దాని సంగతి తెలుస్తుంది.

బస్సు ఉంది. ఇంటర్‌స్టేట్ 35 మీద వేకో, ఆస్టిన్, శాన్ ఆంటోనియో దాటుకుంటూ లరేడో దాకా సుమారు 430 మైళ్ళు. అక్కడ రెండు దేశాల సరిహద్దు, రియో గ్రాండే నది. అవతలి ఒడ్డున మెక్సికో ఊరు నువేవో లరేడో. అక్కణ్ణుంచి మాంటెరే ఇంకో 140 మైళ్ళ చిల్లర. రాత్రి ఎక్కితే మర్నాడు పగటికి దిగొచ్చు. చెప్పుకోవడానికి ఇంత తేలిక.

తిరకాసు ఎక్కడంటే, సరిహద్దు దాటడం అన్న పని నది మీద ఒక్కచోట జరిగిపోదు. లరేడోకి ఉత్తరంగా 29వ మైలురాయి దగ్గర అమెరికా బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంది. నువేవో లరేడోకి దక్షిణంగా 26వ కిలోమీటరు దగ్గర మెక్సికో చెక్‌పోస్టు ఉంది. రెండిటి మధ్యా దాదాపు 45 మైళ్ళు. సరిహద్దు అంటే ఆ 45 మైళ్ళూనూ. అందులో ఒకరు నీ వీసా చూస్తారు, ఒకరు నీ సంచి చూస్తారు, ఒకరు నువ్వు ఏ దేశస్థుడివని మాత్రమే అడుగుతారు. ఒకరి జవాబు ఇంకొకరికి పనికిరాదు. పైగా ఈ బస్సు నడిచే తీరంతా ఆ ప్రశ్నల్లో సగం అడగనక్కర్లేని ప్రయాణికుల కోసం కుదిరింది. మన పాస్‌పోర్టుతో ఎక్కినవాడు తన ప్రశ్నలు తనే గుర్తుపెట్టుకోవాలి.

ముందు ఆ ప్రయాణికులెవరో చూద్దాం. టెక్సస్‌లో స్థిరపడ్డ మెక్సికన్ కుటుంబాలు, మనవల్ని చూసి వెనక్కి వెళ్ళే అమ్మమ్మలు, సెలవుకి ఊరెళ్ళే మేస్త్రీలు. లగేజి అరలో తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలు, దుప్పట్లు, పిల్లల సైకిలు. గల్ఫ్ నుంచి దిగే కరీంనగర్, కడప వాళ్ళ సామాను ఎరిగినవాళ్ళకి ఇది కొత్త దృశ్యం కాదు. ఎదురు దిక్కున వచ్చే బస్సుల్లో ఇంకో రకం జనం ఉంటారు: అమెరికా పొలాల్లో సీజను పనికి వచ్చే హెచ్-2ఏ కూలీలు. హెచ్-2 వీసాల్లో అత్యధికం ఇచ్చేది మాంటెరేలోని అమెరికన్ కాన్సులేటే. వీళ్ళలో చాలామంది బస్సుల్లోనే ఉత్తర కరోలినా దాకా, ఫ్లారిడా దాకా వెళతారు. చట్టం ప్రకారం ఆ కూలీ సగం కాంట్రాక్టు పూర్తిచేస్తే, వచ్చిన దారి ఖర్చు యజమాని తిరిగి ఇవ్వాలి. మన హెచ్-1బీ వాళ్ళకి గడువుకి ముందే ఉద్యోగంలోంచి తీసేస్తేనే, అదీ వెనక్కి వెళ్ళే దారి ఖర్చు మాత్రమే యజమాని ఇవ్వాలి.

మరి ఈ బస్సులు ఎవరివి? ఇందులోనూ ఒక కథ ఉంది. 1982లో అమెరికా కాంగ్రెస్ మెక్సికో బస్సు, లారీ కంపెనీలకి కొత్త అనుమతులు ఆపేసింది. 1994 జనవరి 1న అమెరికా, మెక్సికో, కెనడాల మధ్య నాఫ్తా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు, మూడేళ్ళలో రెండు దేశాల మధ్య రోజువారీ బస్సులకి దారి తెరవాలని రాసుకున్నారు. 1997 వచ్చింది, పోయింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. కంపెనీలు ఊరుకుంటాయా? మెక్సికో వైపు పెద్ద సంస్థలు టెక్సస్‌లో శాఖలు పెట్టుకున్నాయి, అమెరికా సంస్థలతో పొత్తు కట్టాయి. మాంటెరేకి చెందిన సెండా గ్రూపు టూరిమెక్స్ పేరుతో ఇటు నడుపుతోంది. డల్లాస్‌లో పుట్టిన టొర్నాడో అటు నడుపుతోంది. 2021లో జర్మనీ ఫ్లిక్స్ సంస్థ కొనేసిన గ్రేహౌండ్ కూడా ఈ పొత్తుల్లో పాతకాపే. అందుకే టికెట్ మీద ఒక పేరు, బస్సు మీద ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కొన్ని సర్వీసుల్లో లరేడోలోనో నువేవో లరేడోలోనో బస్సు మారమంటారు కూడా. మారాలా వద్దా అన్నది టికెట్ కొన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి. అర్ధరాత్రి స్పానిష్‌లో వినపడే అనౌన్స్‌మెంట్ మీద ఆధారపడటం మంచిది కాదు.

సొంత కారులో పోతే పీడా పోదా అనిపిస్తుంది. పోదు. అమెరికా కారు ఇన్సూరెన్స్ మెక్సికోలో చెల్లదు, అక్కడిది వేరే కొనాలి. సరిహద్దు పట్టీ దాటి లోపలికి వెళ్ళాలంటే కారుకి తాత్కాలిక దిగుమతి పర్మిట్ తీసుకోవాలి. 2007 లేదా ఆ తర్వాతి కారైతే 400 డాలర్ల డిపాజిట్ కట్టాలి. కారు మీద లోను ఉంటే బ్యాంకు నుంచి ఉత్తరం కావాలి. అద్దె కార్లని చాలా కంపెనీలు సరిహద్దు దాటనివ్వవు. బస్సుకి ఈ గొడవ లేదు.

ఇక ప్రయాణం. లరేడోలో బస్సులు, కార్లు దాటేది హువారెస్–లింకన్ వంతెన మీద. అక్కడివాళ్ళు దాన్ని రెండో నంబరు వంతెన అంటారు. ఇంటర్‌స్టేట్ 35 వచ్చి ముగిసేది అక్కడే. 1755లో స్పెయిన్ వాళ్ళు కట్టిన ఊరు లరేడో. 1848 ఒప్పందంతో నదికి ఉత్తర ఒడ్డు అమెరికా సొంతమయ్యేసరికి, మెక్సికోలోనే ఉంటామన్న కుటుంబాలు నది దాటి కొత్త లరేడో కట్టుకున్నాయి. వెళుతూ వెళుతూ పెద్దల ఎముకలు కూడా తవ్వి తీసుకుపోయారని రెండు ఊళ్ళలోనూ చెప్పుకుంటారు.

అమెరికా నుంచి బయటికి పోయేటప్పుడు ఈ వైపు ఎవరూ పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టరు. ఆయుధాల కోసమో నగదు కోసమో అప్పుడప్పుడు ఆపుతారు, అంతే. పదివేల డాలర్లకి మించి చేతిలో ఉంటే చెప్పాలి. ఇక్కడ మనవాళ్ళు పట్టించుకోని సంగతి ఒకటుంది. విమానంలో వెళ్తే ప్రయాణికుల జాబితా ద్వారా నువ్వు దేశం విడిచినట్టు రికార్డవుతుంది. బస్సులో వెళ్తే ఆ రికార్డు పడకపోవచ్చు. వీసా గడువు లోపలే వెళ్ళిపోయాననడానికి టికెట్టు, మెక్సికో ముద్ర, అక్కడ కార్డు గీకిన రసీదు దాచుకోవాలి. వారం రోజుల్లో వెనక్కి వచ్చేవాళ్ళకి దీనితో పనిలేదు. అటునుంచి అటే ఇండియాకి వెళ్ళిపోయేవాళ్ళకి చాలా ముఖ్యం.

వంతెన దిగాక అసలు పని మొదలవుతుంది. మెక్సికో వలస శాఖ కౌంటర్‌లో విదేశీయులు ప్రవేశ పత్రం తీసుకుని ముద్ర వేయించుకోవాలి. దాన్ని అందరూ ఎఫ్ఎంఎం అంటారు. గరిష్ఠంగా 180 రోజులు. ఎన్ని రోజులన్నది ఆఫీసరు చేతిరాత మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి కౌంటర్ వదలకముందే ఆ అంకె చూసుకోవాలి. రోడ్డు దారిన వచ్చి వారం లోపు ఉండేవాళ్ళకి రుసుము లేదు. అంతకు మించితే కట్టాలి, ఆ రేటు ఏటా మారుతుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బస్సులో నలభైమంది మెక్సికన్లు ఉంటే వాళ్ళలో ఒక్కరికి కూడా ఈ పత్రంతో పనిలేదు. డ్రైవరు కస్టమ్స్ దగ్గర ఆపుతాడు గానీ వలస శాఖ దగ్గర ఆపాలని అతనికి తట్టకపోవచ్చు. నువ్వే లేచి ముందుకి వెళ్ళి, పాస్‌పోర్టు చూపించి, "పెర్మీసో" అనాలి. ఆ ఒక్క మాట చాలు, అతనికి అర్థమవుతుంది. మొహమాటపడి కూర్చుంటే బస్సు ఊళ్ళోకి వెళ్ళిపోతుంది, నువ్వూ వెళ్ళిపోతావు, ఎవరూ ఏమీ అడగరు. నువేవో లరేడో వీధుల్లో తిరిగినంతసేపూ ఏమీ కాదు. ఎందుకంటే సరిహద్దు నుంచి పాతిక కిలోమీటర్ల దాకా ఉన్న పట్టీలో తనిఖీ పట్టు సడలి ఉంటుంది. రోజూ అటూ ఇటూ తిరిగే జనం కోసం ఆ ఏర్పాటు. మాంటెరే రోడ్డు మీద 26వ కిలోమీటరు దగ్గర ఆ పట్టీ ముగుస్తుంది. అక్కడ బస్సు ఎక్కిన ఆఫీసరు నీ కాగితం అడుగుతాడు. లేకపోతే వెనక్కి పంపుతాడు, లేదా అక్కడికక్కడే బేరం మొదలవుతుంది. బేరం దాకా రానివ్వకుండా ఉండటం మన చేతిలో పని.

కస్టమ్స్ సంగతి దీనికి పూర్తిగా వేరు. అందరూ దిగాలి. ఎవరి సామాను వాళ్ళు దించుకుని బల్లల మీద పెట్టాలి. ఒక స్తంభం, దానికో బొత్తాం. నొక్కితే పచ్చ లైటు వెలుగుతుంది, లేదా ఎర్రది. పచ్చ అయితే సంచి భుజానేసుకుని నడవొచ్చు. ఎర్రదైతే జిప్పు తియ్యాలి. ఎవరిని వెతకాలో ఆఫీసరు ఇష్టానికి వదలకుండా యంత్రానికి అప్పగిస్తే లంచాలు తగ్గుతాయన్నది దీని వెనక ఆలోచన. లంచం దారి లంచం చూసుకుంది. సామాను విప్పకుండా బస్సుని తొందరగా వదలడానికి తలా కొంత వేసుకోమని అడగడం ఈ దారిలో పాత అలవాటు. 2022 నుంచి మెక్సికో కస్టమ్స్ కొత్త సంస్థ కిందికి వెళ్ళింది, సైన్యం వాళ్ళు వచ్చి కూర్చున్నారు, అయినా ఆ అలవాటు పూర్తిగా పోయిందని చెప్పలేం.

రోడ్డు దారిన వచ్చేవాళ్ళు మనిషికి 300 డాలర్ల సరుకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. వేసవిలో, క్రిస్మస్‌కి, ఈస్టర్ వారానికి ఊరొచ్చే మెక్సికన్లకి ఆ పరిమితి 500 చేస్తారు. ఆ రోజుల్లో వంతెన మీద క్యూ గంటల తరబడి ఉంటుంది కాబట్టి డిసెంబరు సెలవుల్లో ఈ బస్సు ఎక్కకపోవడమే సుఖం. ఇక మందుల పెట్టె. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు మెక్సికోలో నిషేధం. అమెరికాలో మందుల షాపులో దొరికే సూడాఫెడ్ అదే. ఇ-సిగరెట్లు తేకూడదు. తుపాకీ మాట సరే, సంచి అడుగున మర్చిపోయిన ఒక్క తూటా కూడా జైలుకి దారి. షూటింగ్ రేంజికి తీసుకెళ్ళిన సంచీనే ప్రయాణానికి వాడే టెక్సస్ అలవాటున్న వాళ్ళు సంచి ఒకసారి తిరగేసి దులుపుకోవాలి.

ఇంకో చిన్న మెలిక. 2022 అక్టోబరులో మెక్సికో వేసవిలో గడియారం ముందుకి జరపడం మానేసింది. కానీ సరిహద్దు ఊళ్ళు మాత్రం అమెరికాతో పాటే జరుపుకుంటాయి, లేకపోతే వాటి బతుకు నడవదు. దాంతో వేసవిలో నువేవో లరేడోకి, మాంటెరేకి గంట తేడా వస్తుంది. దేశం మారినప్పుడు మారని గడియారం, దేశం లోపల రోడ్డు మీద మారుతుంది. మాంటెరే బస్టాండు నుంచి తిరుగు బస్సు టైము చూసుకునేటప్పుడు ఇది మర్చిపోతే లరేడోలో పట్టుకోవాల్సిన బస్సు గంట ముందే వెళ్ళిపోయి ఉంటుంది.

ఇప్పుడు మనవాళ్ళ అసలు తలనొప్పి, వీసా. భారతీయ పాస్‌పోర్టుకి మెక్సికో వీసా కావాలి. అయితే గడువున్న, ఎన్నిసార్లయినా రాగలిగే అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నా అంతే. పదేళ్ళ విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళడానికీ అడ్డు లేదు. ఇంతవరకు బాగానే ఉంది.

మన హెచ్-1బీ వాళ్ళలో చాలామందికి పాస్‌పోర్టులోని అమెరికా వీసా స్టాంపు గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. ఐ-797 అప్రూవల్ కాగితం, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 రికార్డు మాత్రం బాగుంటాయి. అమెరికాలో ఉండటానికి అవి చాలు. ఇక్కడ అమెరికా చట్టంలో ఒక వెసులుబాటు ఉంది, దాన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. మెక్సికోకో కెనడాకో మాత్రమే వెళ్ళి, 30 రోజుల లోపు తిరిగొస్తే, ఐ-94 గడువుంటే, తీరిపోయిన స్టాంపునే చెల్లుబాటుగా చూసి లోపలికి రానిస్తారు. ఎఫ్-1 చదువు వీసా నుంచి హెచ్-1బీకి మారి కొత్త స్టాంపు వేయించుకోని పిల్లలకి కూడా ఇది వర్తిస్తుంది.

కానీ అది తిరుగు ప్రయాణం సంగతి. వెళ్ళేటప్పుడు మెక్సికో వాడు అదే స్టాంపు చూసి, గడువు తీరింది కాబట్టి నా వీసా ఏదీ అంటాడు. అమెరికా చట్టంలోని వెసులుబాటుతో అతనికి సంబంధం లేదు. స్టాంపు తీరినవాళ్ళు ముందుగా డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో మెక్సికో కాన్సులేట్‌కి వెళ్ళి వీసా తీసుకోవాలి. గ్రూపుల్లో "రీవాలిడేషన్ ఉంది, ధైర్యంగా వెళ్ళండి" అని సలహా ఇచ్చేవాళ్ళు ఈ రెండో సగం చెప్పరు.

మూడో సగం కూడా ఉంది, దాన్ని అసలు మర్చిపోకూడదు. మెక్సికోలో ఉండగా అమెరికా వీసాకి అప్లై చేస్తే రీవాలిడేషన్ పోతుంది. 2002 నుంచి ఇదే రూలు. అప్లికేషన్ 221(జి)లో పడితే, అంటే తేల్చకుండా ఆపిపెడితే, వెనక్కి రావడానికి దారి మూసుకుపోయినట్టే. మాంటెరే హోటల్ గదిలోంచి లాప్‌టాప్‌లో ఆఫీసు పని చేసుకుంటూ వారాలు గడిపిన తెలుగువాళ్ళున్నారు. ఒకప్పుడు స్టాంపింగ్ కోసం మాంటెరే, నువేవో లరేడో, మాటమోరోస్ వెళ్ళడం మనవాళ్ళకి మామూలే. 2025 సెప్టెంబరు 6న అమెరికా విదేశాంగ శాఖ, సొంత దేశంలోనో నివాసముండే దేశంలోనో అప్లై చేసుకోండని తేల్చి చెప్పింది. ఇక స్టాంపింగ్ కోసం ఈ బస్సు ఎక్కే ఆలోచన పెట్టుకోకపోవడం మేలు.

విజిటర్ వీసా మీదున్న పెద్దవాళ్ళని నాలుగు రోజులు మెక్సికో తిప్పి తెస్తే ఇంకో ఆరు నెలలు దొరుకుతుందన్న నమ్మకం ఒకటి చలామణీలో ఉంది. పొరుగు దేశానికి వెళ్ళి నెల లోపు వచ్చినవాళ్ళని పాత ఐ-94 మీదే మిగిలిన రోజులకి రానివ్వడం ఆఫీసరు చేతిలో ఉంది. ఆ ఎత్తు పారుతుందనుకుని టికెట్లు కొనొద్దు. గ్రీన్ కార్డు చివరి మెట్టులో ఉన్నవాళ్ళు, ఐ-485 అనే గ్రీన్ కార్డు దరఖాస్తు వేసినవాళ్ళు ఎవరిమాటా వినకుండా ముందు తమ లాయర్ని అడగాలి.

భద్రత గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. నువేవో లరేడో ఉన్న తమౌలీపాస్ రాష్ట్రానికి అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చింది నాలుగో స్థాయి హెచ్చరిక, అంటే వెళ్ళొద్దని. నేర ముఠాలు ప్రయాణికుల బస్సుల్ని ఆపి, మనుషుల్ని ఎత్తుకుపోయి డబ్బు అడుగుతాయని ఆ హెచ్చరికలోనే రాసి ఉంది. 2011లో ఇదే రాష్ట్రంలోని శాన్ ఫెర్నాండో దగ్గర బస్సుల్లోంచి దించేసినవాళ్ళు సహా 193 మంది శవాలు గుంతల్లో దొరికాయి. అది మాటమోరోస్, రెయ్నోసా వైపు రోడ్డు. మాంటెరే–నువేవో లరేడో రోడ్డు మీద 2021లో డజన్లకొద్దీ మనుషులు కనపడకుండా పోయారు, పత్రికలు దానికి మృత్యుమార్గమని పేరు పెట్టాయి. ఆ తర్వాత గస్తీ పెంచారు. రోజూ వేలమంది క్షేమంగానే వెళ్ళొస్తున్నారు, ఇదీ నిజమే. నా మట్టుకు నేను చెప్పేది: పగటి పూట టోల్ రోడ్డు మీద వెళ్ళే పెద్ద కంపెనీ బస్సు అయితే ఆలోచించొచ్చు. నువేవో లరేడో బస్టాండులో రాత్రి పూట బస్సు మారే టికెట్, ఎంత చవకైనా వద్దు. పిల్లల్ని తీసుకుని విహారానికి వెళ్ళేవాళ్ళకి డల్లాస్ నుంచి మాంటెరేకి రెండు గంటల లోపు విమానం ఉంది, టికెట్ తేడా ఎంతైనా పెట్టుకోవచ్చు.

తిరుగు దారిలో ప్రశ్నలన్నీ అమెరికావే. అయితే మెక్సికో వదిలేముందు ఎఫ్ఎంఎం పత్రం అప్పగించి రావాలన్నది మళ్ళీ డ్రైవరుకి గుర్తుండదు. లరేడో వంతెన దిగాక అందరూ లగేజితో సహా దిగి హాల్లోకి నడుస్తారు. ఖాళీ బస్సుని వేరేగా తనిఖీ చేస్తారు. ఒక్కరిని పక్క గదిలోకి పిలిచినా బస్సు మొత్తం ఆగుతుంది. కొన్నిసార్లు ఆగదు, తర్వాతి బస్సులో రమ్మంటుంది. స్టాంపు తీరి రీవాలిడేషన్ మీద వచ్చేవాళ్ళు ఐ-797 అసలు కాగితం, ఐ-94 ప్రింటు, ఈ మధ్య పే స్టబ్బులు పైకి తీసి పెట్టుకోవాలి. ఎఫ్-1 పిల్లలకి కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం తాజాగా ఉండాలి. కొత్త ఐ-94 ఇస్తే రుసుము కట్టించుకుంటారు. 2025 సెప్టెంబరు 30 నుంచి ఆరు డాలర్లది ముప్ఫై అయింది.

తినేవాటి దగ్గర మొహమాటపడి దాచకూడదు. పళ్ళు, పచ్చి మాంసం సరే, పచ్చి కరివేపాకు కూడా పట్టుకుంటారు. నారింజ, నిమ్మ తోటల్ని చంపే తెగులుని మోసుకొచ్చే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. దక్షిణ టెక్సస్ లోయ నిండా ఆ తోటలే. ఉందని చెప్తే తీసి పారేస్తారు, అంతటితో సరి. చెప్పకుండా దొరికితే జరిమానా.

ఇంతా అయ్యి బస్సెక్కి కునుకు పట్టేలోపు 29వ మైలు చెక్‌పోస్టు వస్తుంది. ఇది బోర్డర్ పెట్రోల్ వాళ్ళది. దేశం లోపల ఇలా ఆపడం రాజ్యాంగబద్ధమేనని 1976లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కుక్క బస్సు చుట్టూ తిరుగుతుంది, ఆఫీసరు సీటు సీటుకీ వచ్చి సిటిజనా అని అడుగుతాడు. పాస్‌పోర్టు పైన లగేజిలో కాకుండా జేబులో ఉండాలి.

ఇల్లు చేరాక ఆన్‌లైన్‌లో ఐ-94 తెరిచి తేదీ చూసుకోవాలి. పాస్‌పోర్టు గడువు ఐ-797 మీది తేదీ కంటే ముందే తీరుతుంటే, ఐ-94 కూడా ఆ పాస్‌పోర్టు తేదీ దగ్గరే ఆపేస్తారు. వెళ్ళేముందు మూడేళ్ళున్నది వచ్చాక ఎనిమిది నెలలే కావొచ్చు. నీ చేతిలోని ఐ-797 మీద పాత తేదీ అలాగే ఉంటుంది, కానీ చివరగా దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చిన ఐ-94దే లెక్క. తేదీ కుదించినట్టు కనపడితే అదే వారంలో కంపెనీ లాయరుకి పంపి, పాస్‌పోర్టు రెన్యువల్‌కి పెట్టాలి.